ఎంత ఇస్తుంది

పాత బండి మొన్న వాకావ్ దారిలో ఆగిపోయింది.
నాలుగు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు.
ఆగేముందు దగ్గలేదు, పొగ కక్కలేదు.
పని ముగించినవాడు చేతులు తుడుచుకున్నట్టు
ఆగింది.
అన్న నెస్టర్ బానెట్ ఎత్తి చూసి, దించి,
"దీనికిక చాలు" అన్నాడు.
మా వంశంలో చనిపోయినవాళ్లెవరి గురించీ
వాడు అంత పొడుగు మాట్లాడలేదు.

కొత్తది కావాలి. ఫిబ్రవరిలోగా,
ఆవులు ఈనేలోగా.

హంబోల్ట్‌లో బండ్లు అమ్మే కుర్రాడి పేరు కేడ్.
మూడు పికప్‌లు మంచులో వరసగా నిలబెట్టాడు.
మూడింటి ముక్కుల్లోంచీ కరెంటు తీగలు.
ఇక్కడ చలికాలం రాత్రి బండిని గోడ ప్లగ్గుకు కట్టేయాలి,
లేకపోతే తెల్లారేసరికి లోపలి ఆయిలు మైనం.

మొదటిది చిన్న ఇంజన్, నాలుగు సిలిండర్లు, పక్కన టర్బో.
"లీటరుకు పది ఇస్తుంది మేడమ్."
ఖాళీగా పోతేనా, వెనకాల ట్రైలరు నిండా గడ్డి ఉంటేనా?
కేడ్ తన బూట్లు చూసుకున్నాడు.

రెండోది ఎనిమిది సిలిండర్లది.
చదును రోడ్డు మీద వాటిలో నాలుగు నిద్రపోతాయట,
పెట్రోలు మిగిలేందుకు.
మెకానిక్ ఓస్టాప్ నాకు ముందే చెప్పాడు:
"పడుకోవడం బాగానే పడుకుంటాయి ఒరిస్యా,
ఒక్కోసారి లేవవు."

మూడోది డీజిల్. నెస్టర్ మనసు దాని మీదే.
ఎంతటి బరువైనా లాగుతుంది, తక్కువ తాగుతుంది.
మైనస్ నలభైలో మాత్రం ట్యాంకులో డీజిలు తోడుకుంటుంది.
అచ్చం మా అన్నే.
బలానికి లోటు లేదు,
పొద్దున్నే పలకరించకూడదంతే.

రేపు చెబుతానని ఇంటికొచ్చాను.
పాత బండి సొరుగులోంచి లెక్కల పుస్తకం తీశాను.
పంతొమ్మిదేళ్లు. పెన్సిల్ రాత. సగం నాది, సగం వాడిది.
నింపిన లీటర్లు, తిరిగిన దూరం, పక్కన భాగహారం.
ఏడు. ఏడున్నర. ఎదురుగాలి, ఆరు.
జూలైలో ఒకసారి ఎనిమిది, కింద రెండు గీతలు, వాడి గర్వం.
మధ్యలో ఒక ఫిబ్రవరి వారం:
రెండు.
పక్కన వాడి చేత్తో: లెక్కలోకి రాదు.

రెండా? ట్యాంకు కారిందా అనుకున్నాను.
అప్పుడు గుర్తొచ్చింది వాసన.
తడి ఉన్ని, పేడ, జున్నుపాలు.
మంచుగాలికి పశువుల కొట్టం కప్పు లేచిపోయిన వారం అది.
ఈనినవాటిని ఈనినట్టే గోనెపట్టాలో చుట్టి
బండి ముందు సీటు కింద పడుకోబెట్టాం.
హీటరు పూర్తిగా తిప్పి
రాత్రంతా ఇంజన్ ఆపలేదు.
పొద్దున్న ఒక దూడ లేచి నిలబడి
గేరు రాడ్డును చీకింది.
నెస్టర్ నవ్వాడు. నిజంగానే, పళ్లు కనబడేలా.

ఆ వారం బండి కదిలింది తక్కువ.
కదలకుండా కాలిన పెట్రోలుకు
కిలోమీటర్లు ఎక్కణ్ణించి వస్తాయి?
పదకొండు దూడలు.
పదకొండుని ఏ లీటర్లతో భాగించాలో
మా ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు కేడ్‌ని అడిగాను:
"నిలబడి ఉంటే గంటకెంత తాగుతుంది?"
మూడు కరపత్రాలూ తిరగేశాడు.
ఆ అంకె ఎవరూ అచ్చేయలేదు.

ఎనిమిది సిలిండర్ల బండి తలుపు తీసి
మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాను.
ముందు సీటు కింద జాగా కొలిచాను, మోచేత్తో.
ఒక మూర, ఇంకో మూర, పైన జానెడు.
కాళ్లు ముడిస్తే పడుతుంది.
"ఈ తివాచీ పీకేసి రబ్బరు వేయించు."

"మరి ఇంజన్ ఏది మేడమ్?"
"ఇందులో ఉన్నదే."

నెస్టర్‌తో ఇక ఏప్రిల్ దాకా మాటలుండవు.
పోనీలే.
"బాబూ, ఆ నాలుగూ నిద్రపోతాయన్నావే,
అది ఆపే దారేదో
ముందు నాకది చూపించు."